పొయ్యి మీది కొర్ర కంకులు

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. వాన మొహం చాటేసినా నిలబడే మన కొర్ర జన్యుపటం ఇవాళే పూర్తయింది. సూపర్ కంప్యూటర్‌లో మా ల్యాబ్ వంతు రావడానికే నెలలు పట్టింది. ఆ సంతోషం చెబుదామని అన్నకు ఫోన్ చేశాను.

నేను నోరు తెరవకముందే, "అమ్మీ, ఈడ వాన పడి మంచి పదునుండాది. నాయన కొర్రలు ఇత్తనానికి పంపియ్యి, ఎల్లుండి ఇత్తుతాం" అన్నాడు.

పొయ్యి పైన వాసానికి నువ్వు కట్టిన కంకులన్నీ పరిశోధనకని నేనే దించుకుపోయాను. నాలుగు గింజలు మొలకెత్తించి ఆకులు నూరి డీఎన్‌ఏ తీస్తే మా పని అయిపోయింది. మిగతావి ల్యాబ్ బీరువాలో పడేసి మరిచాను. అక్కడ పొయ్యి పొగ లేదు కదా, పురుగు పట్టి పిండైపోయాయి. కంప్యూటర్ వేడెక్కకూడదని దాని గదిలో మాత్రం ఏసీ క్షణం ఆపలేదు.

అన్నకు అంతా చెప్పాను. తిట్టినా బాగుండేది. "సర్లేమ్మీ, రాయదుర్గం అంగట్లో తెచ్చుకుంటాలే" అని ఫోన్ పెట్టేశాడు.

ఈ జన్యుపటం ఫైలుకు నీ పేరు పెడతానని అందరికీ చెప్పుకుని తిరిగాను. తీరా పెట్టబోతే చేతులు రాలేదు నాయనా. ల్యాబ్ ఇచ్చిన నెంబరే ఉంచేశాను.