స్టేషన్‌లో తుపాకి, ఇంట్లో మందు

మార్చి 18, బుధవారం

ఎలక్షన్ అని నా తుపాకిని స్టేషన్‌లో పెట్టించుకొన్నారు. రసీదు ఇచ్చారు. ఫలితాలు వచ్చాక తీసుకోవాలట. మా ఊరు అత్తిముగం చుట్టుపక్కల పంట కాపలాకు లైసెన్స్ ఉన్న తుపాకి నాది ఒక్కటే. రెన్యువల్‌కు కృష్ణగిరి చుట్టూ తిరిగేది నేను, కొన్న తుపాకి మందుకు లెక్క చెప్పేది నేను. లైసెన్స్ లేని నాటు తుపాకులు మా ఊళ్లో ఏడో ఎనిమిదో ఉన్నాయి. వాటినెవరూ అడగలేదు. చట్టానికి లోబడినవాడి చేతులే ఖాళీ.

హెడ్ కానిస్టేబుల్ కుమారేశన్‌ను అడిగేశాను, పందులకి గూడా ఎలక్షన్ కోడ్ ఉందా అప్పా అని. వాటికి ఓటు లేదు స్వామీ, అందుకే మేం పట్టించుకోం అన్నాడు. నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

నన్ను అందరూ స్వామీ అంటారు. ఆదివారాలు మా రేకుల షెడ్డులో బైబిల్ వాక్యం చెప్తాను, అంతే. పాస్టర్‌ను కాను, ఏ కాలేజీలోనూ వాక్యం చదువుకోలేదు. రాముడి పేరు పెట్టుకొని ఏసు మాట చెప్తావేం శ్రీరామప్పా అని ఎగతాళి చేసేవాళ్లు కూడా కష్టమొస్తే స్వామీ అనే వస్తారు.

మార్చి 20, శుక్రవారం

చెనక్కాయ చేలో కాలెకరం పందులు దున్నేశాయి. గట్టు మీద కూర్చొని, అన్నీ పోగొట్టుకొన్న యోబులా బూడిద పోసుకోవాలనిపించింది.

పక్కచేను పిల్లోడు వేలు వచ్చాడు. నాకు తుపాకి ఉంది మందు లేదు, నీకు మందుంది తుపాకి లేదు, దేవుడు సగం సగం పంచినాడు స్వామీ అన్నాడు. లోపలికి పోయి డబ్బాలో సగం మందు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాను. నా చేను, నీ చేను, ఆ పక్క మాదప్ప చేను, మూడూ చూసుకోమన్నాను. వాక్యంలో చెప్పినట్టు గోడ మీద కావలివాడిని నిలబెట్టాను అనుకొన్నాను. స్తోత్రం కూడా చెప్పాను.

మార్చి 22, ఆదివారం

షెడ్డులో వాక్యం. ఏసును పట్టుకొన్న రాత్రి తోటలో పేతురు దగ్గర కత్తి ఉందని ప్రభువుకు ముందే తెలియదా, అయినా వెంట రానివ్వలేదా అని గర్జించాను. రేకులు అదిరాయి. రెండు దినాలుగా పందులు లేవు.

మార్చి 24, మంగళవారం. ఉదయం 7:10

 అయిదింటికి త్రీఫేజ్ కరెంటు వచ్చిందని మాదప్ప పెళ్లాం కాళమ్మ నీళ్లు కట్టడానికి పోయింది. మంచు. తల మీద నల్ల కంబళి. మడవ తెంచడానికి వంగింది. కాల్పు విని పరుగెత్తాను. భుజం, చెంప, ఎడమ కన్ను. మాదప్ప ఆమెను ఎత్తుకొని అరుస్తున్నాడు. కాల్చినవాడు కనిపించలేదు. ఆటోలో కృష్ణగిరి ఆసుపత్రికి తీసుకుపోయారు.

అదే రోజు, సాయంత్రం

వేలు మా పశువుల కొట్టంలో కూలబడి ఉన్నాడు. పంది అనుకొన్నా స్వామీ, తల్లి మీద ఆన అన్నాడు. ఆ మాటే పదిసార్లు. భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాను. చేస్తూనే నా మందు డబ్బా యాడ దాయాలా అని ఆలోచించాను. అది దేవుడు చూశాడు. ఇక్కడ రాస్తున్నాను.

మార్చి 25, బుధవారం

కుమారేశన్ వచ్చాడు. నీ తుపాకి మా దగ్గరే ఉండె, పుణ్యాత్ముడివి స్వామీ, నిన్ను అడిగే పనే లేదు అన్నాడు.

మాదప్ప అటక మీద నాటు తుపాకి దొరికిందట, గొట్టంలో మసి. కాల్పుకు ముందురోజు మొగుడూ పెళ్లాం వీధిలో అరుచుకొన్నారట. మాదప్పను పొద్దున స్టేషన్‌కు పిలిపించి సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపారు. కాళమ్మకు ఎవరు కాల్చారో తెలియదు. కన్ను పోయిందని డాక్టర్లు చెప్పారు.

ఇంకొకటి. నాటు తుపాకులు ఉన్నవాళ్లు ఆదివారంలోగా నా షెడ్డులో పెట్టేస్తే పేరు అడగరట, కేసు ఉండదట. నన్ను చాటమన్నాడు. నీ మాటైతే వింటారు, మా మాటకి పారిపోతారు అన్నాడు. వేలు తుపాకి కూడా ఆ కుప్పలో కలిసిపోతుంది. ఎవరిదో ఎవరికీ తెలియదు. కృప అంటే ఇదేనా?

మార్చి 26, గురువారం

ఊరంతా తిరిగి చాటాను. కాల్చింది ఎవరో, మందు ఎవరిదో, ఆ ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాను.

మార్చి 27, శుక్రవారం

ఆదివారం వాక్యానికి దావీదు రాజు కథ తీసుకొన్నాను. రాజు యుద్ధంలో చంపించిన ఊరియా దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసేశాను. రాజు ఇంట్లోనే ఉన్నాడు. కత్తి ఇంకొకడిది. ప్రవక్త వచ్చి వేలెత్తి చూపింది మాత్రం రాజునే.

నా పెళ్లాం సుబ్బక్క అన్నం పెడతా అడిగింది. సగం డబ్బా మందు ఏమాయె? పందులు తాగిపోయెనా? మాదప్పని పొద్దున మళ్లా పట్టుకుపోయినారు, రేపు రిమాండుకి పంపుతారంట, నువ్వు ఈడ దావీదుతో కూర్చో అంది.

నేరుగా వేలు ఇంటికి పోయాను. రేపు స్టేషన్‌కి పోతాను, నువ్వు వచ్చినా చెప్తాను, రాకున్నా చెప్తాను అన్నాను. వాడు లేచి మీదికి వచ్చాడు. అందరి తుపాకులూ షెడ్డులో పెట్టమంటివే, పేరే అడగరంటివే, నాకు మాత్రం యాల స్టేషను? మందు కట్టి ఇచ్చింది ఎవరు స్వామీ? పంది తలకాయ తింటా స్తోత్రం చెప్పేది ఎవరు? అని. వాళ్ల అమ్మ లోపల ఏడుస్తోంది. వాడు తలుపు మూసేశాడు.

మార్చి 28, శనివారం

మిగిలిన సగం మందు డబ్బాను సంచిలో పెట్టుకొని స్టేషన్‌కు పోయాను. బస్సులో సిగరెట్ తాగుతున్న ఒకడి పక్కనే సీటు దొరికింది. దిగేదాకా సంచి ఒళ్లోంచి దించలేదు.

వేలు నాకంటే ముందే ఉన్నాడు. బెంచి మీద, మోకాళ్ల మధ్య తుపాకి గుడ్డలో చుట్టి. అంతా చెప్పేశాడు. ఒక్కటి తప్ప. మందు సంతలో ఎవడో అమ్మినాడు, మొహం గుర్తులేదు అన్నాడట. నా వైపు చూడలేదు.

కుమారేశన్ నాకు టీ తెప్పించాడు. పాపం పిల్లోడికి మంచి మాట చెప్పి తీసుకొచ్చింది నువ్వే అనుకొంటా, ఇంక ఇంటికి పో స్వామీ అన్నాడు.

తలుపు తెరిచే ఉంది. ఎవరూ అడ్డం లేరు. టీ తాగాను. ఇంత సులువుగా పారిపోయే దారి నాకెప్పుడూ దొరకలేదు.

డబ్బా తీసి టేబుల్ మీద పెట్టాను. మూత తీశాను. కుమారేశన్ నవ్వు ఆగిపోయింది. వేలు మాత్రం, యాల స్వామీ, ఒకడన్నా బైట ఉండాల్సింది అన్నాడు.

వేలును రిమాండుకు తీసుకుపోయారు. నా లైసెన్స్ తీసుకొన్నారు. ఇద్దరు పూచీ ఉంటే నన్ను బెయిల్ మీద వదిలారు. సోమవారం కోర్టు. మాదప్ప నాకంటే ముందు బయటికి పోయాడు.

మార్చి 29, మట్టల ఆదివారం

షెడ్డులో చాప మీద ఆరు తుపాకులు. వాటి మీద ఎవరో టెంకాయ మట్టలు కప్పారు. ఎన్నడూ ఈ గడప తొక్కని మాదప్ప వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. నాలుగు దినాలు మూసుకొన్న నోరు గదా, తెరువప్పా, వింటాను అన్నాడు.

నిలబడ్డాను. పుస్తకం తెరవలేదు. వచ్చి మాదప్ప పక్కన చాప మీద కూర్చున్నాను. ఎవరూ పాట ఎత్తుకోలేదు.