ఎడంచేతి కుట్టు

ప్రియమైన పొడుగోడికి,

ఎలా ఉన్నావురా? నేను మామూలే, కొట్టు తెరుస్తున్నాను, మూస్తున్నాను. నువ్వు బదిలీ మీద వెళ్ళిన నెలలోనే నా కొట్లో గుండీలు కుట్టే ఆమె కూడా ఊరొదిలి వెళ్ళిపోయింది. మూడేళ్ళయింది. ఆమె కూర్చున్న స్టూలు మీద ఇంకెవర్నీ కూర్చోనివ్వడం లేదు. పిచ్చోడంటున్నారు, అననీ.

ఆ రోజు అందరి ముందూ "ఎడంచేత్తో కుట్టకే మొద్దూ" అని అరవకపోతే ఈపాటికి మా పెళ్ళయిపోయేది. నా నోరే నా కొంప ముంచింది. నువ్వు బస్సు నడుపుతూ పది ఊళ్ళు తిరుగుతావు కదా. ఎక్కడైనా కనిపిస్తే క్షమించమన్నానని చెప్పు. తిరిగొస్తే కాళ్ళతో కుట్టినా కిక్కురుమనను.

నీ కత్తెర

ఒరే కత్తెరా,

ఉత్తరం అందింది. ఆమె నాకెక్కడా కనబడలేదు, ఒట్టు. నీ దగ్గర నేనెప్పుడైనా ఏమైనా దాచానా? నిజం చెప్పాలంటే తప్పు నీదే. పదిమందిలో అంత మాటంటే ఏ ఆడది ఉంటుంది? ఆ స్టూలు అటక మీద పడేసి ఇంకెవర్నైనా చేసుకో.

హోటలు తిండే అయినా ఎందుకో ఒళ్ళు చేశాను. యూనిఫారం చొక్కా పొట్ట దగ్గర బిగిసిపోతోంది. ఇక్కడి దర్జీలకి నీ పనితనం లేదు. పార్సిల్లో పంపుతున్నాను, కాస్త వదులు చెయ్యి.

నీ పొడుగోడు

డ్రైవరుగారికి,

మీ చొక్కా అందింది. పక్క కుట్లు విప్పుతుంటే గుండీలు కంటబడ్డాయి. ఐదూ ఊడదీసి మళ్ళీ గట్టిగా కుట్టినవే. గుండీ కింద దారం మేమంతా కుడివైపుకి చుడతాం. ఇది ఎదురు చుట్టు, ఎడంచేతి వాటం. చివరి ముడి గుడ్డ మడతలో దాచి ఉంది. ఆ ముడి నేను నేర్పిందే. చాలాసేపు వేలితో తడుముతూ ఆ స్టూలు మీదే కూర్చున్నాను.

తీసుకెళితే తీసుకెళ్ళావు. ఆమె మనసు నీ మీద పడితే ఎవరేం చేస్తారు? మూడేళ్ళుగా నన్ను నేనే తిట్టుకుంటుంటే తప్పు నీదేనంటూ వంత పాడావు చూడు, అది మాత్రం మింగుడుపడడం లేదురా.

రెండంగుళాలు వదులు చేశాను. హోటలు తిండి కదా, ఇంకా ఒళ్ళొస్తుంది. గుండీలు ఐదూ తెంపి నా దగ్గరే ఉంచుకున్నాను. కుట్టే మనిషి మీ ఇంట్లోనే ఉందిగా.

ఇట్లు,
దర్జీ