వసంత డబ్బా

ఏమండీ,

ఎవరి డబ్బా అయినా ఖాళీగా తిరిగివ్వకూడదని ఏ దేవుడు చెప్పాడో, నాకు ఏళ్లుగా సందేహమే. అయినా ఆ మాట దాటలేక ఎదురు ఫ్లాటు వసంత స్టీలు డబ్బా ఇన్నేళ్లూ మన దగ్గరే ఉండిపోయింది. "దాని మీద నీ పేరు కొట్టిచ్చుకోరాదక్కా" అని మొన్న లిఫ్టులో అందరి ముందూ అనేసింది.

ఈరోజు వాళ్లు నార్సింగికి మారిపోతున్నారు. నా వంటల పుస్తకం చూసి ఓట్స్ బిస్కెట్లు చేసి, నైవేద్యం పెట్టి, డబ్బా నింపితే, మీరు ఆఫీసు మీటింగు వింటూ సగం తినేశారు! ఆ డబ్బా నింపిన ప్రతిసారీ ఇదే.

మిగతా సగం మీ జీడిపప్పుతో నింపాను. అడగొద్దు. చారు మీరే కాచుకోండి. గుడికి వెళ్తున్నాను.

ఇది రాస్తుండగానే వసంత వచ్చింది. డబ్బా చేతికిచ్చాను. అక్కడే ఒక బిస్కెట్టు తిని, "గిదానికా అక్కా, ఇన్నేండ్లు ఆపినవు?" అంది. మీ వల్లేనని చెప్పాను.