దోమ కడుపులో పన్నెండు రోజులు

ఉట్నూరు దగ్గరి గూడెం,
సెప్టెంబర్ 2

ప్రియమైన కోమలకు,

క్షేమంగా చేరాను. ఇక్కడ సిగ్నల్ లేదు, మళ్లీ ఉత్తరాలే గతి. ఇంట్లో ఉన్న రెండు రోజులూ చిక్కిపోయావని సతాయించావు. ఇల్లిల్లూ తిరిగి రక్తం స్లైడ్లు తీసే మలేరియా వర్కర్ లావెక్కుతాడా? దోమతెర మీ ఇద్దరికీ వదిలి నేను ఆరుబయట మంచం వేసుకున్నందుకు కూడా అలిగావు. నీలం చొక్కా దండెం మీదే మరిచాను, ఉతికి పెట్టు.

బస్సెక్కుతుంటే వందన అడిగింది, "బాపూ, దోమకు జరం ఎక్కడికెల్లి వస్తది?" అని. దానికి చెప్పు. దోమ జ్వరంతో పుట్టదు. మలేరియా ఉన్న మనిషిని కుట్టి, రక్తంతోపాటు ఆ క్రిమినీ తాగుతుంది. అది దోమ కడుపులో పన్నెండు రోజులు పెరిగి నోటికి చేరుతుంది. ఆ తర్వాత దోమ ఎవరిని కుడితే వాళ్ల కాలేయంలో ఆ క్రిమి దాక్కుని, రక్తంలోకి దిగి, రెండు వారాలకు వణికిస్తుంది. ఈ లెక్క చెప్పుకునే ఇక్కడ డాక్టరులా తిరుగుతున్నాను, నవ్వకు.

నీ లక్ష్మణ్


చెన్నూరు,
సెప్టెంబర్ 28

ప్రియమైన బావకు,

ఇరవై ఐదున వందనకు చలిజ్వరం వచ్చింది. రక్తంలో మలేరియా, అదీ మెదడుకెక్కే రకమట. రెండు రోజులు నా ప్రాణం నా దగ్గర లేదు. ఇవాళ పొద్దున ఒళ్లు చల్లబడింది. "బాపు" అని కలవరిస్తోంది.

ఇది వెనక గదిలో అద్దెకు దిగిన రాజయ్య పనే. అడవిలో వెదురు కొట్టి వచ్చినవాడు. వాడకట్టంతా వినేలా అన్నాను. ఇంటి యజమాని "నీ పెనిమిటి మలేరియా మనిషి గద, జరం గాళ్లతోనే వచ్చిందని కాయితం రాసియ్యుమను, గాళ్లను ఖాళీ చేపిస్త" అన్నాడు. రాజయ్య భార్య బాలలక్ష్మి బాలింత, ఏడుస్తూ మూట కడుతోంది. అయినా సరే, వెంటనే రాసి పంపు.

నీ కోమల


గూడెం,
అక్టోబర్ 2

ప్రియమైన కోమలకు,

వందనకు తగ్గిందన్న మాట మళ్లీ మళ్లీ చదివాను. మాత్రలన్నీ మింగించు. రాజయ్య ఏ తేదీన దిగాడో రాయి. కాగితానికి తొందరపడకు. సెలవు దొరకలేదు.

లక్ష్మణ్


చెన్నూరు,
అక్టోబర్ 7

ప్రియమైన బావకు,

ఈ ఉత్తరం రాయడానికి ఇవాళ చాలాసేపు పట్టింది.

రాజయ్య దిగింది సెప్టెంబర్ పదిన. నువ్వు నేర్పిన లెక్కే వేశాను. జ్వరం నుంచి రెండు వారాలు వెనక్కి, అక్కడి నుంచి పన్నెండు రోజులు వెనక్కి పోతే ఆగస్టు ముప్పై. ఆనాడు రాజయ్య ఈ ఊళ్లోనే లేడు. ఆరుబయట మంచం మీద నువ్వున్నావు.

నీలం చొక్కా ఉతకబోతే జేబులో మలేరియా మాత్రల కవరు దొరికింది. మీద నీ పేరు, ఆగస్టు పదిహేను తేదీ. రెండు మాత్రలు అలాగే ఉన్నాయి. ఆశా వర్కర్ శంకరవ్వకు చూపించాను. "జరం వేరే మాత్రలకే పోతది బిడ్డా. గీ మాత్రలు ఒంట్ల ఉన్న క్రిమి దోమకు ఎక్కకుంట చేస్తయి. ఇవి మింగకుంటే మనిషి మంచిగనే తిరుగుతడు, దోమలకు మాత్రం పంచుతనే ఉంటడు" అంది.

ఊరందరితో మింగించేవాడివి. మలేరియా మనిషికే మలేరియా అని నవ్వుతారనుకున్నావా? నాకైనా చెప్పలేదు. కోపం కాదు బావా, భయమేస్తోంది.

బాలలక్ష్మి ముందు కూర్చుని తప్పు నాదని చెప్పాను. "నీ పొల్ల పానం మంచిగుంది గద, అంతే చాలు" అంది. ఇంటి యజమాని మాత్రం ఇంకా కాగితం అడుగుతున్నాడు. రాయి. రాజయ్య పేరు రాయమన్నచోట నీ పేరు రాయి. ముందు నీ రక్తం చూపించుకో, మాత్రలు మింగు, ఆ కాగితం నువ్వే తీసుకురా.

దోమకు జరం ఎక్కడికెల్లి వచ్చిందని వందన మళ్లీ అడిగింది. బాపు వచ్చి చెప్తాడన్నాను.

నీ కోమల