మీ బాక్సు వైపు రాని చేతులు

సరళ మేడమ్,

మీరు కన్నుమూసి ఈరోజుకి ఏడాది. మా ఇంట్లో మొదట బడికెళ్లిన నేను ఇప్పుడు పెనుకొండలో మీ బడిలోనే టీచర్ని.

నిన్న ధర్మవరం నుంచి ఒకాయన మా స్టాఫుకి ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చారు. ఆడపిల్లల్ని ఇష్టపడే ఆడపిల్లలకూ, మగపిల్లల్ని ఇష్టపడే మగపిల్లలకూ, అలాంటి టీచర్లకూ మనం అండగా నిలవాలని చెప్పారు. స్టాఫంతా చప్పట్లు కొట్టారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మీరు ఆడవాళ్లనే ఇష్టపడతారని తెలిశాక మీ టిఫిన్ బాక్సులో చెయ్యి పెట్టడం మానేసింది వీళ్లే. నేను ఇక్కడే తొమ్మిదో తరగతిలో ఉండగా నా కళ్లతో చూశాను.

అందుకే ఈరోజు భోజనాల దగ్గర నా చెనక్కాయల చట్నీ మధ్యలో పెట్టి, "నేనూ సరళ మేడమ్ లాంటిదాన్నే" అన్నాను. అందరూ ఎవరి బాక్సులోకి వాళ్లు చూసుకున్నారు. చివరికి హిందూపురం నుంచి వచ్చే లెక్కల టీచర్ పద్మక్క చెయ్యి చాపి చట్నీ వేసుకుంది. అప్పట్లో అందరికంటే ముందు మానేసింది ఆమే.

"ఏమ్మే, ఉప్పేసినావా లేదా? చప్పగుండాది" అంది.

నిన్నటి ఉపన్యాసం కంటే ఆ మాటే నయమనిపించింది మేడమ్. అయినా ఇంకా నమ్మను. రేపు ఉప్పు సరిగా వేసి తీసుకెళ్తాను. ఆమె చెయ్యి మళ్లీ వస్తుందో లేదో చూడాలి.