కంపెనీ కార్డు, మన పాలసీ

ఆకివీడు,
14-7-2003

ప్రియమైన పుష్పలతకు,

ప్రభువు దయవల్ల ఇక్కడ కులాసా. నువ్వూ, దీవెనా బాగున్నారని తలుస్తాను. ఐస్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ పని అలవాటు పడింది. చేపల లారీలు వరసకట్టాయంటే భోజనం సంగతే గుర్తుండదు.

ఒక మంచి కబురు. కంపెనీ మా స్టాఫ్ అందరికీ గ్రూపు హెల్త్ ఇన్సూరెన్స్ చేయించింది. నా కార్డు మీద మీ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. దీవెన ఉబ్బసానికి కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుందట. మీ స్కూలుకొచ్చే ఏజెంట్ ఏలీయా గారికి ఇక పాలసీ అక్కర్లేదని చెప్పెయ్యి. ఉన్నదాని మీద ఇంకోటి దండగ.

నీ
నిత్యానందం


పెంటపాడు,
22-7-2003

ప్రియమైన దీవెన నాన్నగారికి,

వందనాలు. మీ ఉత్తరం స్టాఫ్ రూములోనే చదివేశాను. కార్డు సంగతి సంతోషమేనండి. కానీ ఏలీయా గారిని ఒక్కటే అడిగాను, మా ఆయన ఆ ఉద్యోగం మానేస్తే ఏమవుతుందని.

"మానేసిన రోజుతో కార్డూ పోతుందమ్మా. అప్పుడు సొంతంగా తీసుకుందామంటే, ఈలోగా వచ్చిన జబ్బులన్నీ మినహాయించేస్తారు" అన్నారు.

దీవెన ఉబ్బసానికి ఈ పాలసీలోనూ ఇవ్వరట. ఆయన దాచలేదు. అందుకే మీ కార్డు వద్దనడం లేదు. ఒంట్లో బాగున్నప్పుడే మనదంటూ ఒకటి ఉండాలంటున్నాను. నా జీతంలోంచి కడతాను. ఫారం పంపుతున్నాను, సంతకం పెట్టండి. కోప్పడినా సరే, పెట్టి పంపండి.

మీ
పుష్పలత


ఆకివీడు,
2-8-2003

ప్రియమైన పుష్పలతకు,

సంతకం పెట్టాను. దండగేనని ఇప్పటికీ అంటాను. నీతో వాదించి గెలిచినవాణ్ణి మీ స్కూల్లో కూడా చూడలేదు.

నీ
నిత్యానందం


ఏలూరు,
18-2-2005

ప్రియమైన పుష్పలతకు,

ఈ ఉత్తరం ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. నాకేం కాలేదు, కంగారు పడకు.

సోమవారం ఫ్యాక్టరీలో అమ్మోనియా పైపు పగిలింది. ఐస్ దిమ్మలు తీసే పెద్దిరాజు మిగతా వాళ్ళందర్నీ బయటికి తోసి, తను ఆఖర్న వచ్చాడు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇక్కడ చేరుస్తుంటే కార్డు అడిగారు. కాంట్రాక్టు మనిషి కదా, అతని పేరు గ్రూపులో లేదు. వాళ్ళావిడ నూకాలమ్మ నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

ఆ పైపు తుప్పు పట్టిందని నెల కిందటే నేను రిపోర్టు ఇచ్చాను. ప్రమాదం జరిగిన మర్నాడు మేనేజర్ సుబ్బరాజు గారు ఒక కాగితం నా ముందు పెట్టారు. పెద్దిరాజు తాగొచ్చి వాల్వు తిప్పేశాడని ఉంది అందులో.

"సంతకం పెట్టండి నిత్యానందం గారూ. మీ పాపకి ఉబ్బసం కదా, కార్డు అవసరం కదండీ" అన్నారు మెత్తగా.

"మా పాప సంగతి మేం చూసుకుంటామండి" అని రాజీనామా రాసిచ్చి వచ్చేశాను.

నీ పాలసీ లేకపోతే ఆ మాట అనగలిగేవాణ్ణో లేదో, నిజంగా తెలీదు. కానీ దీవెన ఉబ్బసానికి ఇక ఏ ఆధారమూ లేదు. నిన్నొక్క మాట అడగకుండా చేశాను. తప్పంటే తప్పే.

నీ
నిత్యానందం


పెంటపాడు,
21-2-2005

ప్రియమైన దీవెన నాన్నగారికి,

వందనాలు. ఉత్తరం రెండుసార్లు చదివాను. అడగకుండా చేశానన్నారు. అడిగుంటే నేనూ అదే చెప్పేదాన్నండి.

దీవెన మందులు మనం కొనుక్కుంటాం. ఈ చలికాలం ఆయాసం రెండుసార్లే వచ్చింది. పెద్ద ఆపద ఇంకేదైనా వస్తే పాలసీ ఉండనే ఉంది. మీకు పనిచ్చేవాళ్ళు తాడేపల్లిగూడెంలోనూ ఉన్నారు. దాని గురించి నాకు బెంగ లేదు.

పెద్దిరాజు గురించే బెంగ. తాగొచ్చాడని రాసిన కాగితం మీద వేరే ఎవరిచేతైనా సంతకం పెట్టిస్తారు కదా. మీ రిపోర్టు కాపీ జాగ్రత్తగా ఉంచండి. లేబర్ ఆఫీసులో నష్టపరిహారానికి అర్జీ పెట్టొచ్చని మా హెడ్‌మాస్టర్ జ్ఞానయ్య గారు చెప్పారు.

బుధవారం సెలవు పెట్టి పొద్దున్న మొదటి బస్సుకి ఏలూరు వస్తున్నాను. నూకాలమ్మని సిద్ధంగా ఉండమనండి. సాక్షి మీరు. అర్జీ నేను రాస్తాను.

మీ
పుష్పలత