నల్లపొడి ఆపిన రోజులు

నా పెద్దక్కకి,

ఫోన్‌లో చెప్పగలిగే సంగతైతే ఫోనే చేసేవాణ్ణి. నువ్వు మధ్యలో "సరేలేరా, తిన్నావా?" అంటావు, నేను మెత్తబడిపోతాను. అందుకని ఉత్తరం. చివరిదాకా చదివాకే తిట్టు.

సోమవారం విచారణ కమిటీ ముందు మాట్లాడబోతున్నాను. కార్మిక సంఘం తరఫున కాదు, నా తరఫునే. మా కరెంటు ప్లాంటు పొగలో పాదరసం ఎందుకు తగ్గలేదో చెప్పడానికి.

నీకు తెలిసిందే అయినా మొదట్నుంచీ చెప్పనీ. బొగ్గులో పాదరసం ఉంటుంది. కాలిస్తే పొగలో లేస్తుంది, వానతో జలాశయంలోకి దిగుతుంది, చేపలోకి ఎక్కుతుంది. పొగగొట్టం చేరకముందే దాన్ని పట్టుకోవాలంటే పొగలోకి నల్లటి కార్బన్ పొడి చల్లాలి. ఆ యంత్రం పెట్టించడానికి తొమ్మిదేళ్లు కొట్లాడాం. కరపత్రాలన్నీ నేనే రాశాను. "కంటికి కనబడని విషానికి యజమాని కంట్లో విలువ లేదు" అన్న నా వాక్యం ఊరి గోడలన్నీ ఎక్కింది. చివరికి ఆ యంత్రం స్విచ్చి నా చేతికే వచ్చింది. వచ్చాక నేనేం చేశానో నీకు తెలుసు.

ఆ పొడి కలిస్తే, మీరు ఇటుకలకి కొనుక్కెళ్లే మా ప్లాంటు బూడిద నల్లబడుతుంది. నల్లబూడిదతో పోసిన ఇటుకని బిల్డర్లు ముట్టుకోరు. నువ్వు మా ఇంటికొచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా గుమ్మంలోనే నిలబడి అడిగావు. "నా ఇటుకల యార్డు మూతపడేలా ఉందిరా. మంగళవారం, శుక్రవారం నా లారీ వస్తుంది. ఆ రెండు పూటలూ పొడి ఆపరాదూ?" నాన్న పోయాక నన్ను చదివించిన దానివి, అంతకుముందెన్నడూ నన్నేదీ అడగలేదు. ఆపాను. "పొడి ఉండకట్టింది, శుభ్రం చేస్తున్నాం" అని షిఫ్టు పుస్తకంలో రాశాను. రెండు పూటలు రెండు రోజులయ్యాయి, తర్వాత నాలుగు. ఏడాదిన్నర. పగలు స్విచ్చి ఆపి, సాయంత్రం మీటింగులో యజమానుల్ని ఉతికి ఆరేశాను. చప్పట్లు కూడా కొట్టారు.

పోయిన నెల ఆరోగ్య కేంద్రం నర్సమ్మ, జలాశయం పక్కవాడలో గర్భిణుల తలవెంట్రుకలు పరీక్షకి పంపింది. పదకొండు మందిలో ఆరుగురికి పాదరసం హద్దు దాటింది. అందులో ఒకామె నీ యార్డులో ఇటుకలు మోసే మనిషే. ఎనిమిదో నెల. "చేపలు బలమన్నారని రోజూ తిన్నానండీ, తప్పా?" అని అడిగిందట. లోపలి బిడ్డ మెదడుకి దెబ్బ తగిలిందో లేదో, పుట్టి నడిచి మాట్లాడేదాకా ఎవరూ చెప్పలేరట.

ఏ రోజు పొగ ఎవరి చేపలో చేరిందో ఎవరు చూడొచ్చారు అనేవాళ్లుంటారు. యజమానులు ఇన్నేళ్లుగా చేస్తున్న వాదన అదే. నేనూ అదే ఎత్తుకుంటే వాళ్లకీ నాకూ తేడా ఏమిటి?

నీ మాట ఎత్తను. నా ఒళ్లు బద్ధకం వల్ల ఆపానంటాను. నా ఉద్యోగం పోతే పోనీ. కానీ నీ యార్డుకి ఇక తెల్లబూడిద రాదు. నన్ను తినేస్తున్నది అదొక్కటే. క్షమించమని అడగను.

నీ తమ్ముడు

ఒరే చిన్నోడా,

రెండుసార్లు చదివాను. నీ రాత ఇంకా కోడి కెలికినట్టే ఉంది. నా మాట ఎత్తనన్నావు. అంటే త్యాగమంతా నీది, నేనేమో ఏమీ ఎరగనట్టు ఇంట్లో కూర్చోవాలి. చిన్నప్పట్నుంచీ ఇంతే నువ్వు, దెబ్బలు తినడంలో కూడా వాటా ఇవ్వవు.

నీకు చెప్పనిది ఒకటుంది. నీ గుమ్మం దాకా రావడం నా ఆలోచన కాదు. మీ ప్లాంటులో బూడిద అమ్మే ఆఫీసరు నన్ను పిలిచి, టీ ఇప్పించి మరీ చెప్పాడు. "నల్లబూడిద ఎవడూ కొనడం లేదమ్మా. ఆపమని మేం కాగితం మీద రాయలేం. స్విచ్చి దగ్గరున్నది మీ తమ్ముడేగా, మీరడిగితే కాదంటాడా?" నేనడిగాను. నువ్వు కాదనలేదు. ఆ తెల్లబూడిద నా ఒక్క లారీకే కాదురా, నా వెనక వరసకట్టిన పాతిక లారీలకీ ఎక్కింది. అక్క కోసం ఆపాననుకున్నావు. ఆపింది ఆ ప్లాంటు వాళ్ల కోసం.

ఎందుకు చెప్పలేదంటావా? చెబితే నువ్వు ఆపవు. నాకు యార్డు కావాలి. అంతే. నన్ను వెనకేసుకు రాకు.

ఇప్పుడు నువ్వొక్కడివే వెళ్లి "నా బద్ధకం" అంటే వాళ్లు నీకు దండేసి దణ్ణం పెడతారు. పనికిమాలిన ఆపరేటరు ఒకడు దొరికాడు, కేసు మూత. ఇన్ని కరపత్రాలు రాశావు, ఈమాత్రం తట్టలేదా? నేనూ వస్తున్నాను. ఆఫీసరు ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా చెబుతాను. లారీ లారీకీ "తెల్లరకం" అని అతను సంతకం పెట్టిన గేటు చీటీలు నా దగ్గరే ఉన్నాయి.

నిన్న యార్డులో ఆడవాళ్లందర్నీ కూర్చోబెట్టి మనం చేసింది చెప్పాను. పని పోతుందనీ చెప్పాను. ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ ఎనిమిదో నెల పిల్ల మాత్రం నెత్తిమీది చుట్టకుదురు తీసి ఓ చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి కడుపు మీద వేసుకుని అంది: "పని పోతే ఇంకో పని వెతుక్కుంటాం అమ్మా. ఎన్నిసార్లు వెతుక్కోలేదు? దీనికి ఇంకో బుర్ర ఎక్కడ వెతకను?"

సోమవారం ఆ పిల్లా వస్తానంది. ఆ మాటే కమిటీనీ, ఆఫీసర్నీ, నిన్నూ వరసగా అడుగుతుందట. నువ్వు ఉపన్యాసం మొదలుపెట్టకు. ముందు తనని మాట్లాడనీ.

అక్క